టీకా పుట్టకముందే నీళ్ళ లెక్క అడగండి

టీకా ఖరీదు అనగానే పేటెంట్లంటారు, కోల్డ్ చెయిన్ అంటారు. ప్యూరిఫికేషన్ (టీకా సరుకుని శుద్ధి చేయడం) ఊసెత్తినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. కణాల్ని పెంచే ఫర్మెంటర్ పక్కన ఫొటోలు దిగడానికి మంత్రులొస్తారు గానీ, శుద్ధి చేసే కాలమ్ పక్కన ఎవరు దిగుతారు?

ఈస్ట్‌లోనో, కణాల్లోనో యాంటిజెన్‌ని (టీకాలో అసలు పనిచేసే పదార్థాన్ని) పెంచడం సగం పనే. దాంతోపాటు వచ్చే పనికిరాని ప్రొటీన్లు, డీఎన్ఏ అన్నీ తీసేయాలి. అక్కడే క్రోమటోగ్రఫీ కాలమ్, అంటే కావాల్సినదాన్ని వేరుచేసే గొట్టం, వస్తుంది. అందులో నింపే రెజిన్ పూసల లీటరు ధర వింటే గుండె జారుతుంది. దాన్నైనా శుభ్రం చేసి మళ్ళీ వాడుకోవచ్చు, నీళ్ళు అలా కాదు. కాలమ్‌ని బఫర్ ద్రావణంతో సిద్ధం చేయాలి, సరుకు ఎక్కించాలి, కడగాలి, దించాలి, కాస్టిక్ సోడా పోయాలి, మళ్ళీ కడగాలి. ప్రతిసారీ కాలమ్ పరిమాణానికి ఎన్నో రెట్లు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితికైనా పనికొస్తాయి, ఇవి నేరుగా వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకే (ఈటీపీ). పైగా చివరి దశల్లో వాడేది ఇంజెక్షన్ నాణ్యత నీళ్ళు. ఆర్ఓ పట్టి, రిజెక్ట్ నీళ్ళు పారబోసి, చాలాచోట్ల ఆవిరి చేసి చల్లార్చి, క్రిములు పెరగకుండా వేడివేడిగా రాత్రింబవళ్ళు పైపుల్లో తిప్పుతూనే ఉంటారు. నీళ్ళ బిల్లు, కరెంటు బిల్లు రెండూ దానివే.

ఇదంతా ఏ ఊళ్ళో చేయాలి? 2019లో పూండి, చెంబరంబాక్కం జలాశయాలు అడుగంటితే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెప్పించుకున్న ఊళ్ళో. కండలేరు నుంచి మన కృష్ణ నీళ్ళెప్పుడు వదులుతారా అని ఎదురుచూసే చెన్నైలో!

టీకా తయారీలో స్టీల్ ట్యాంకుల బదులు వాడే ప్లాస్టిక్ బ్యాగుల మీద విరుచుకుపడే మిత్రులకి ఒక మాట. ఒకసారి వాడి పారేసే ఆ బ్యాగులు ఇన్సినరేటర్‌కి పోతుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ స్టీల్ ట్యాంకుని కడగడానికి, స్టీమ్ పెట్టడానికి అయ్యేది కూడా లెక్కేస్తే చాలాసార్లు బ్యాగే మేలని తేలుతోంది.

మరి చవక దారులు లేవా? ఉన్నాయి. ధనుర్వాతం టాక్సాయిడ్‌ని (ఆ టీకాలో వాడే, విషగుణం తీసేసిన టాక్సిన్) అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పుతో అడుక్కి దింపడం దశాబ్దాల నాటి పద్ధతి (మిగిలే ఉప్పునీళ్ళ తలనొప్పి దానికి ఉంది, అది వేరే కథ). రెజిన్ బదులు సన్నటి పొరల్లాంటి మెంబ్రేన్లున్నాయి. ఒక పెద్ద కాలమ్ బదులు చిన్నవి నాలుగు వంతులవారీగా నడిపే పద్ధతుంది. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాని 50 రూపాయల దగ్గరికి దించింది. ఈస్ట్ కణంలో ఇరుక్కున్న యాంటిజెన్‌ని చవగ్గా బయటికి లాగలేకపోతే ఆ ధర కుదిరేదా?

చిక్కల్లా టైమింగ్‌లో ఉంది. లైసెన్సు ఇచ్చేటప్పుడు టీకాతోపాటు తయారీ పద్ధతినీ ఆమోదిస్తారు. తర్వాత ఒక కాలమ్ తీసి ఫిల్టర్ పెట్టాలన్నా పాత సరుకూ కొత్త సరుకూ ఒకటేనని నిరూపించాలి, ఒక్కోసారి మళ్ళీ ట్రయల్స్ చేయాలి. పసిపిల్లలకేసే మందు కదా, ఆ జాగ్రత్తని తప్పుపట్టను. కానీ అందువల్లే దుబారా పద్ధతి ఒకసారి లోపలికొస్తే ఇరవై ఏళ్ళైనా కదలదు. కాబట్టి అడగాల్సింది ల్యాబ్ దశలోనే. ఏ వైవాలోనైనా "ప్యూరిటీ ఎంతొచ్చింది?" అంటారే తప్ప "డోసుకి ఎన్ని లీటర్లు పోశావమ్మా?" అని అడిగిన ప్రొఫెసర్‌ని నేను చూళ్ళేదు. గ్రాంటు దరఖాస్తులో ఆ ఒక్క గడి పెట్టండి, చచ్చినట్టు లెక్కేస్తారు.

చెన్నై దగ్గర చెంగల్పట్టులో కేంద్రం కట్టి, 2021 నాటికి ఉత్పత్తి లేకుండా వదిలేసిన వ్యాక్సిన్ కాంప్లెక్స్ ఉంది. ఆ ఏడాది తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ వెళ్ళి చూసి, రాష్ట్రానికి లీజుకివ్వమని ప్రధానికి ఉత్తరం రాసింది దాని గురించే. ఏ పాత పద్ధతికీ కట్టుబడకుండా మొదలుపెట్టే వీలు అలాంటి చోటే ఉంటుంది. అక్కడ ఏం తయారుచేయాలన్నా టెండర్లో డోసు ధర పక్కనే డోసుకయ్యే నీళ్ళూ అడగాలి.