ప్రతి జన్యుభేదానికీ ప్రయోజనం వెతకొద్దు

ఆపరేషన్‌కు ముందు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. మామూలుగా దాని ప్రభావం కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఆ మందును రక్తంలో విరగ్గొట్టే ఎంజైమ్ కొరవడినవారు మాత్రం గంటల తరబడి తమంతట తాము ఊపిరి తీసుకోలేక వెంటిలేటర్ మీదే ఉండిపోతారు. జన్యువుల ద్వారా వచ్చే ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఇతరులకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన పేర్కొంది.

ఈ లోపం ఇన్ని తరాలు నిలిచిందంటే దానివల్ల ఒకప్పుడు ఏదో మేలు జరిగే ఉంటుందని, అది ప్రకృతి వరణమేనని, అంటే బతకడానికి పనికొచ్చే లక్షణాన్ని ప్రకృతి ఎంచి నిలబెట్టడమేనని కొందరంటారు. ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్‌సెల్ జబ్బు విషయంలో అది నిజమే. ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవారికి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందని శాస్త్రవేత్త ఆంథొనీ ఆలిసన్ 1954లో చూపించారు. అయితే అక్కడ రుజువు ఊహలోంచి పుట్టలేదు. ఆఫ్రికాలోనూ, మన ఏజెన్సీ ఆదివాసీల్లోనూ, దగ్గరి చుట్టరికం లేని జనాల్లో మలేరియా పీడించిన చోట్లనే ఆ జన్యువు హెచ్చింది.

ఆర్యవైశ్యుల ఉదంతంలో అలాంటి జాడ ఏదీ లేదు. ఆ ఎంజైమ్ లేకపోయినా రోజువారీ బతుక్కి లోటు రాదు, ప్రాణం మీదికి తెచ్చే మందేమో ఆపరేషన్లలోకి వచ్చింది 1950ల ప్రాంతంలో. అంతకుముందు వందల ఏళ్లలో ఏరివేయడానికిగానీ నిలబెట్టడానికిగానీ ప్రకృతికి పట్టు దొరకలేదు. జరిగిందల్లా జెనెటిక్ డ్రిఫ్ట్: మూలపురుషులు కొద్దిమందే అయినప్పుడు వారిలో ఎవరో ఒకరు మోసుకొచ్చిన మార్పు, తరతరాలుగా పెళ్లిళ్లు కులం లోపలే జరగడంతో, కేవలం యాదృచ్ఛికంగా పెరిగిపోయింది. దీన్ని పోల్చుకునే గుర్తు ఉంది. వరణం తన ముద్రను ఆ ఒక్క జన్యువు మీద, దాని ఇరుగుపొరుగు మీద వేస్తుంది. డ్రిఫ్ట్ జన్యుపటం మొత్తాన్నీ కదుపుతుంది. ఏ చుట్టరికమూ ఎరగని ఇద్దరు ఆర్యవైశ్యుల డీఎన్ఏను పక్కపక్కన పెడితే, అక్కడొకటి ఇక్కడొకటి అచ్చంగా ఒకేలా ఉన్న పొడవాటి ముక్కలు బయటపడతాయి; అది డ్రిఫ్ట్ గుర్తే.

ఇది ఒక్క కులం సంగతీ కాదు. ఆ 2017 అధ్యయనం పరిశీలించిన 260కి పైగా దక్షిణాసియా సమూహాల్లో 81, ఇలాంటి వాటికి పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజలకంటే, ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులకంటే కూడా ఇరుకైన మూలం నుంచి వచ్చినవే. కులాల మధ్య జన్యుభేదం కనబడగానే దాన్ని తెలివికో శౌర్యానికో ముడిపెట్టి గర్వపడేవారు ముందు ఈ లెక్క చూడాలి: ఆ భేదంలో అధికభాగం పెళ్లి సంబంధాలకు గీసిన గిరి మిగిల్చినదే, ఏ ప్రతిభకూ ప్రకృతి ఇచ్చిన బహుమతి కాదు.

మత్తు డాక్టరు సామాజిక వర్గం అడగడంలో తప్పులేదు, అది గొప్పదనమూ కాదు, మచ్చా కాదు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి అందడం ఆలస్యమైందా అని కూడా అడిగి, అనుమానం ఉంటే ఎంజైమ్ రక్తపరీక్ష చేయించి, సక్సినైల్‌కోలిన్‌కు బదులు కండరాలను సడలించే మరో మందు రోకురోనియం వాడవచ్చు.