మహారాజశ్రీ దస్తీ గారికి

మహారాజశ్రీ మా బాపు భుజం మీది దస్తీ గారికి, నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు దండెం మీద క్షేమంగా ఆరుతున్నారని తలుస్తాను.

మర్యాద ఇంతటితో చాలు. నా ముక్కు మీద అన్ని గంటలు కూర్చున్నదానివి, మన మధ్య తమరూ గారూ ఎందుకు?

నిజానికి నీతో నాకు పాత పగ ఏమీ లేదు. బాపు ఏనుమాముల మార్కెట్లో దడ్వాయి. మిర్చి బస్తాలు తూకమేసి చెమట తుడుచుకునేది నీతోనే. సద్ది మూట కట్టేది నీలోనే. పరకాల బస్సు ఆగకముందే కిటికీలోంచి విసిరి సీటు ఆపేదీ నిన్నే. అంగట్లో ఎడ్ల బేరం సాగేది కూడా నీ చాటునే. కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు, పక్కన నిలబడ్డవాడికి అంతు చిక్కదు. రోజూ పొద్దున జెండా పాటలో మిర్చి ధర పదిమంది ముందు పలికే మార్కెట్లో పనిచేసే మా బాపు, కొడుకు రోగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎడ్ల బేరం పద్ధతే పట్టాడు.

ఇంటర్ రెండో సంవత్సరం. నయీంనగర్‌లో హాస్టల్. దసరాకు ఇంటికొచ్చినవాణ్ని మళ్లీ పోలేదు. నిద్ర లేదు, తిండి లేదు. పుస్తకం తెరిస్తే గంటసేపు ఒకటే లైను. డాక్టర్ల కంటే ముందే మా నాయనమ్మ పేరు పెట్టేసింది: "పోరనికి మనాది పట్టుకున్నది." మనోవ్యాధి అన్న మాటే పల్లె నోట్లో నలిగి మనాది అయింది. దానికి తోడు సామెత ఒకటి, మనోవ్యాధికి మందు లేదని. సామెత పుట్టిన రోజుల్లో నిజంగానే లేదేమో. ఇప్పుడుంది. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలో హన్మకొండ. ఆ గంట ప్రయాణానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

దారిలో మజిలీలు ఎక్కువ. ముందు ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్, బలానికి సూది. తర్వాత గాలి సోకిందని నిమ్మకాయలు, దండచేతికి తాయెత్తు. మల్లన్నకు ముడుపు, అదీ నీ కొసలోనే పదకొండు రూపాయలు ముడివేసి. (మల్లన్న మీద నాకు ఫిర్యాదు లేదు. దవాఖానకు పోవద్దని ఆయన ఎవరికీ చెప్పలేదు.) మేనమామ "ఫోన్ గుంజుకోండ్రి, సక్కగైతడు" అన్నాడు. డాక్టర్ మాట ఎత్తింది అమ్మ ఒక్కతే. "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి కేసంటరు, రేపు పిల్లనెవరిస్తరు?" అని ఆమె నోరు మూయించారు. అప్పటికి నాకు పదిహేడేళ్లు. చట్టం ప్రకారం పెళ్లికి ఇంకా నాలుగేళ్లుంది.

జూన్‌లో ఒక రాత్రి అమ్మతో, బతకాలని లేదని చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తెల్లారేదాకా పక్కనే కూర్చుంది. పొద్దున బాపు బండి తీశాడు, నిన్ను నా ముఖానికి చుట్టాడు. "దుమ్ము లేస్తది, కట్టుకో బిడ్డా." రాత్రంతా వాన. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లున్నాయి కానీ, దుమ్ము చిటికెడు లేదు.

దవాఖాన హాల్లో సగం మంది ముఖాల మీద నీ చుట్టాలే. చున్నీలు, మాస్కులు, కొంగులు. ఒకాయనైతే ఫ్యాన్ కింద కూర్చుని కూడా హెల్మెట్ తీయలేదు. నేనూ బుద్ధిగా తల వంచుకున్నాను. కానీ నీ పోగు పోగులో మిర్చి యార్డు ఉందన్న సంగతి బాపు మరిచాడు. మొదటి తుమ్ము ఆపుకున్నాను. రెండోది ఆగలేదు. ఏడు తుమ్ములు, వరసగా. హాలంతా నావైపే చూసింది. దాచిపెట్టడానికి తెచ్చిన నువ్వే డప్పు కొట్టి చూపించావు.

"టోకెన్ పద్నాలుగు!" అంటే హెల్మెట్ లేచి "మాదే, మాదే" అంది. ఆ గొంతు నాకు తెలుసు. నాకు ఏడాదికి పైగా ఫిజిక్స్ చెప్పిన గొంతు. "డిప్రెషన్ పనిలేనోళ్ల రోగంరా, పద్నాలుగు గంటలు చదివేటోనికి అది వచ్చే టైమేడుంటది?" అని క్లాసంతా నవ్వించిన గొంతు. సార్ వెనకాల చున్నీ చుట్టుకున్న అమ్మాయి, నా ఈడుదే. ఆయన నన్ను గుర్తుపట్టాడో లేదో ఆ నల్లటి అద్దంలోంచి తెలియలేదు.

లోపల డాక్టరమ్మ నిన్ను తీయమంది. ఎన్నాళ్లుగా, నిద్ర ఎంత, ఆకలి ఎంత అని అడిగింది. చచ్చిపోవాలనిపిస్తుందా అని కూడా సూటిగానే అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదట. అడగకపోతేనే లోపల మగ్గుతుందట. ఎనిమిది నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

మాత్రలు మొదలుపెట్టాక రెండు వారాలు నోరెండటం, కడుపులో తిప్పటం తప్ప ఏమీ లేదు. పని చేయడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందని ముందే చెప్పారు. చిన్న వయసు కదా అని మొదట్లో వారం వారం రమ్మన్నారు. వారం వారం తుమ్మాను. మూడో వారంలో అమ్మ సర్వపిండి చేసింది. అంచు కరకరలాడుతోంది, పల్లీ పలుకు పంటి కింద పడింది. ఇంకొకటి వేయమన్నాను. అమ్మ పొయ్యి వైపు తిరిగి, పొగ లేని గ్యాస్ పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంది. బాగైందని మాత్రలు ఆపేద్దామన్నాడు బాపు. బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలని, ఆపినా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ పోవాలని అక్కడే తెలిసింది.

మాత్రలతో పాటు కౌన్సెలింగ్ కూడా కావాలంది డాక్టరమ్మ. బాపు ముఖం వెలిగిపోయింది: "ఏ కాలేజీల వచ్చింది మేడం సీటు?" మా దగ్గర కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ తర్వాత జరిగేది ఒక్కటే మరి. ఆ మాట్లాడించే ఆయన ఆదివారాలు మాత్రమే హైదరాబాద్ నుంచి వచ్చేవాడు. నా చేత నోట్‌బుక్‌లో రాయించాడు: "ఫెయిలైతే నా బతుకు అయిపోయినట్టే" అన్నదానికి సాక్ష్యాలేమిటి, వ్యతిరేక సాక్ష్యాలేమిటి? రెండో వైపు పేజీ నిండింది. మా కాలేజీలోనూ కౌన్సెలింగ్ రూమ్ అని బోర్డు ఉండేది. తలుపు తీస్తే పాత ఆన్సర్ షీట్లు, రెక్క విరిగిన కూలర్. 100 మంది గానీ, అంతకు మించి గానీ విద్యార్థులుంటే అర్హతగల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. బోర్డుకు దస్తీ కట్టడం కుదరదనుకుంటున్నావా? ఆ బోర్డే దస్తీ.

నీకంటే పాత లెక్కలు కూడా ఉన్నాయి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది, మా బాపు కంటే రెండేళ్లే చిన్న. 2015–16 జాతీయ సర్వే ప్రకారం 13–17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే అరవై మంది సెక్షన్‌లో నలుగురు. "నలుగురేమనుకుంటరు" అని బాపు అన్నప్పుడల్లా ఎవరా నలుగురు అనుకునేవాణ్ని. తీరా చూస్తే నా బెంచీల్లోనే ఉన్నారు.

నీకు అసలు పనే లేని చోటు ఒకటుంది: 14416. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్, పేరు టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. అర్ధరాత్రి కూడా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు, ముఖం కనపడదు. ఈ నంబర్ గురించి కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఎంసెట్ హెల్ప్‌లైన్ మాత్రం గోడల నిండా ఉండేది.

ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న రాత్రి మా వాడకట్టు పిల్లగాడు గేటు దగ్గర నిలబడి, చాలాసేపు క్రికెట్ గురించి మాట్లాడి, చివరికి "అన్నా, నువ్వు పోయిన డాక్టర్ దగ్గరికి నన్ను గూడ తీస్కపోతవా?" అన్నాడు. పోదాం, రేపే పోదామన్నాను. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. "కానీ అన్నా, మొఖానికి కట్టుకునేతందుకు ఏమన్న ఉన్నదా?"

నీ మీద ఇంత రాయాలనుకున్నవాణ్ని, ఉందనే చెప్పాను. వాడికి కూడా ఎనిమిది నెలలు పట్టడం నాకిష్టం లేదు. అందుకే నిన్ను సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి ఆరేశాను. ఇంకా కాస్త ఘాటు కొడుతూనే ఉన్నావు. బస్సు ఏడున్నరకు. ఆలోపు ఆరు.

ఇట్లు,
టోకెన్ పదిహేను