పాదం చల్లబడితే వెంటనే చెప్పండి

పిల్లల గుండెకు క్యాథ్ (రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి చేసే పరీక్ష, చికిత్స) చేసేటప్పుడు మత్తుమందు, రేడియేషన్ విషయంలో తీసుకునే జాగ్రత్తల గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ ఆ తర్వాత వార్డులో గడిచే గంటలను ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మాకు అసలు టెన్షన్ అక్కడే మొదలైంది.

మా బాబుకు ఏడు నెలలప్పుడు పీడీఏను (పుట్టాక దానంతటదే మూసుకుపోవాల్సిన, గుండె దగ్గరి రక్తనాళం) క్యాథ్‌తోనే మూశారు. లోపలికి తీసుకెళ్లే ముందే నర్సు రెండు పాదాల మీదా నాడి తగిలే చోట పెన్నుతో చిన్న గుర్తు పెట్టింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తిరిగొచ్చాక దుప్పటి తీసి చూస్తే కుడి పాదం చల్లగా, పాలిపోయి ఉంది. చెప్పగానే ఆవిడ ఆ గుర్తు మీద వేలు పెట్టింది. నాడి అందలేదు! డాక్టర్ వచ్చి, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మొదలుపెట్టారు. తెల్లారేసరికి పాదం వెచ్చబడింది. పసిపిల్లల తొడ దగ్గరి ధమని బాగా సన్నం కాబట్టి, గొట్టం పెట్టిన చోట రక్తం గడ్డకట్టే ప్రమాదం పెద్దవాళ్లకంటే ఎక్కువట.

ఇంకోటి, బరువు. హెపారిన్ అయినా, ఎక్స్‌రేలో రక్తనాళాలు కనిపించడానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు అయినా కిలోల లెక్కనే ఇస్తారు. మావాడి ఫైల్లో నెల కిందటి అంకె ఉంది. నేను అడిగితే మళ్లీ తూచారు, విసుక్కోకుండా.