ఎవరూ లేని గుట్ట

"ఎవరున్నరు సార్ దాని మీద? ఉత్త బండ" అన్నాడు మా నల్లగొండ దగ్గరి పెద్దమనిషి ఒకాయన, సగం మిగిలిన గుట్టను చూపిస్తూ. నిజమే. బండను బండలా ఉండనివ్వడం తెలివితక్కువ దేశాల పని.

ఐస్‌లాండ్‌నే చూడండి. 1963 నవంబరులో సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి సుర్ట్‌సీ అనే దీవి పుట్టింది. 1967 దాకా లావా కక్కుతూనే ఉంది. ఇంకా చల్లారకముందే, 1965లోనే, ఎవరూ కాలు పెట్టొద్దని చట్టం చేశారు! శాస్త్రవేత్తలకు మాత్రం అనుమతి. విత్తనాలు గాలికో అలలకో పక్షులతోనో వాటంతట అవే రావాలట, వీళ్లు చూసి రాసుకుంటారట. కుర్రాళ్లు దొంగచాటుగా ఆలుగడ్డలు నాటితే తవ్వి పారేశారు. మరోసారి ఎవరో ఆపుకోలేక రాళ్ల మధ్య కూర్చుంటే అక్కడ టమాట మొలిచింది. దాన్నీ పీకేశారు. సముద్రపు పక్షుల రెట్టలతో అక్కడ గడ్డి ఏపుగా పెరుగుతుంటే మాత్రం మురిసిపోతారు. పక్షి చేస్తే ఎరువు, మనిషి చేస్తే నేరం!

అదే టమాట మా గుట్ట మీద మొలిచి ఉంటేనా! మొదటిరోజే పసుపు కుంకుమ. మూడోరోజుకు రేకుల షెడ్డు, హుండీ. వారం తిరిగేసరికి ఫ్లెక్సీ: నడుమ నాయకుడు, చుట్టూ పద్దెనిమిది మంది, ఓ మూలన చిన్నగా టమాట. ప్రారంభానికి యాట కూర దావత్. ఆ మర్నాడు పొద్దున్నే చెంబులు పట్టుకుని భక్తులే మరిన్ని టమాటలకు ఏర్పాట్లు చేసేవారు. మొక్కను మేక మేసిందనుకోండి, మేక ఏ వర్గానిదో తేలేదాకా ఊళ్లో పోలీసు పికెట్. ఆరు నెలలకు 'టమాట హిల్స్' వెంచర్, సులభ వాయిదాలు.

కానీ మా గుట్టకు ఆ యోగం పట్టలేదు, క్రషర్ పట్టింది. సుర్ట్‌సీకి నిండా డెబ్బై ఏళ్లు లేవు. మా గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ దీవిని సగం కొరకడానికి సముద్రానికి దశాబ్దాలు పట్టింది. ఇక్కడ టిప్పర్లకు అంత ఓపిక లేదు. రోజూ బ్లాస్టింగ్, గోడలకు బీటలు, పత్తి మీద తెల్లటి దుమ్ము, పిల్లలకు దగ్గు. ఎవరున్నరు అంటావా? సీతాఫలం చెట్లున్నాయి, ఉడుములున్నాయి, నెమళ్లున్నాయి, కింద మేమున్నాం! మేం కూడా లెక్కలోకి రామా?

నెమళ్లు ఇప్పుడు చేలల్లోకి దిగాయి. పంట పాడుచేస్తున్నాయని వాటి మీద ఫిర్యాదు వెళ్లింది. పెట్టింది ఆ పెద్దమనిషే.