టెస్టోస్టెరాన్ ఉన్నవాడే బాస్ అట! చేపలు ఆ మాట అనలేదు

"టెస్టోస్టెరాన్ ఎక్కువున్న మగదే గుంపుకి బాస్. అది పుట్టుకతోనే ఆల్ఫా. పోట్లాడేకొద్దీ హార్మోన్ పెరుగుతుంది. చేపల్లో కూడా సైంటిస్టులు నిరూపించేశారు." ఈ రకం మెసేజీలు వాట్సాప్‌లో, రీల్స్‌లో తెగ తిరుగుతున్నాయి. చివర్లో ఒక్కోసారి క్యాప్సూళ్ల ప్రకటన కూడా తగిలిస్తారు. చేపల పేరు ఎత్తారు కాబట్టి చేపల సంగతే చూద్దాం.

"పుట్టుకతోనే ఆల్ఫా." ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో బర్టొనీ అనే చిన్న సిక్లిడ్ చేప ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ జీవశాస్త్రవేత్త రస్సెల్ ఫెర్నాల్డ్ దీని మీద దశాబ్దాలపాటు పనిచేశారు. వీటిలో కొన్ని మగచేపలకే సొంత జాగా ఉంటుంది. అవి నీలం, పసుపు రంగుల్లో మెరుస్తాయి, కంటి మీదుగా నల్లటి చార ఉంటుంది. మిగతా మగవి ఆడచేపల్లా వెలిసిన రంగులో, తలొంచుకుని తిరుగుతాయి. 2005లో ఆయన బృందం ఒక ప్రయోగం చేసింది. ఇంకా లైట్లు వెలగకముందే, చీకట్లోనే తొట్టిలోంచి బాస్ చేపను తీసేశారు. లైట్లు వెలిగాక, అణిగిమణిగి ఉండే చేప నిమిషాల్లోనే రంగు తేలి, కంటి చార తెచ్చుకుని, మిగతావాటిని తరమడం మొదలెట్టింది. పునరుత్పత్తిని నడిపే మెదడు కణాల్లో ఒక జన్యువు కూడా కాసేపట్లోనే చురుకైంది. జాగా పోయిందా, ఆ హోదా పోతుంది, మెదడులోని ఆ కణాలు మళ్లీ చిక్కిపోతాయి. ఇందులో పుట్టుక ప్రసక్తి ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

"హోదా ఇచ్చేది హార్మోనే." 1992లో ఇదే జాతి మగచేపల వృషణాలు తీసేసి చూశారు. దూకుడు తగ్గింది, నిజమే. పెత్తనం మాత్రం పోలేదు. హార్మోన్‌కి ఏ పనీ లేదని కాదు, సింహాసనం దాని ఒక్కదాని చేతిలో లేదు, అంతే.

"పోట్లాడితే పెరుగుతుంది." ఇది సగం నిజం, అందుకే ఎక్కువ చిక్కు. మన చెరువుల్లోనూ దొరికే మొజాంబిక్ తిలాపియాతో పోర్చుగల్ శాస్త్రవేత్త రూయీ ఒలివేరా బృందం పరీక్షించింది. మగ తిలాపియా ముందు అద్దం పెడితే తన నీడ మీదే విరుచుకుపడుతుంది. అవతలిది కూడా అంతే కొడుతుంది, ఎవరూ ఓడరు, ఎవరూ గెలవరు. అంత పోట్లాడినా మగ హార్మోన్లు పెరగలేదు. అదే బృందం అంతకుముందు 2001లో ఇంకో సంగతి చెప్పింది: పక్కన నిలబడి వేరే చేపల గొడవ చూసిన చేపకు మాత్రం పెరిగాయి! ఒళ్లు అలవకుండానే.

"ఇదంతా మగతనం." కరీబియన్ పగడపు దిబ్బల్లో నీలితల వ్రాస్ చేప ఉంది. పెద్ద మగది లేకుండా పోతే గుంపులోని పెద్ద ఆడచేప మగదిగా మారుతుంది. 1996లో అండాశయాలు ముందే తీసేసిన ఆడచేపలను అలాంటి గుంపులో వదిలి చూశారు. అవి కూడా మగదాని ప్రవర్తన అందుకున్నాయి. మగదాని రంగులు మాత్రం రాలేదు, వాటికి హార్మోన్ కావాల్సిందే.

ఇక క్యాప్సూల్ సంగతి. అసలు లోపం ఉందో లేదో తేల్చేది రక్తపరీక్ష, డాక్టరు. టాంగన్యీకా చేప పేరు చెప్పి అమ్మేవాణ్ణి "ఏ ప్రయోగం, ఏ సంవత్సరం?" అని అడగండి.