కాలువ వైపు తిరిగిన బోర్డు గారికి

మహారాజశ్రీ ‘బడి వేళల్లో భారీ వాహనాలకు ప్రవేశం లేదు’ బోర్డు గారికి, బడి వీధిలో ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా క్షేమంలో మీ ప్రమేయం ఏమీ లేదని ఈ ఉదయం రుజువైంది. ఎనిమిదిన్నరకు మీ ముందు నుంచే, క్షమించాలి, మీ వెనక నుంచే, ఒక కొబ్బరికాయల లారీ దర్జాగా వీధిలోకి వచ్చింది. ఎదురుగా ఐసు నీళ్లు కారుస్తూ చేపల లారీ. మధ్యలో సంచులు బయటకు వేలాడుతున్న నాలుగు స్కూలు ఆటోలు, వాటి మధ్య మేము. ఒక పక్క ప్రహరీలు, రెండో పక్క పిట్టగోడ కూడా లేని నిండు కాలువ. లారీ వెనక్కి వస్తుంటే గట్టు అంచుకు జరిగాం. అమ్మాయి చేతిలోని అన్నం డబ్బా జారి కాలువలో పడింది. పప్పన్నం, రెండు వడియాలు. తేలుకుంటూ లాకుల వైపు వెళ్లిపోయాయి.

“బోర్డు కనబడలేదా?” అని డ్రైవరు మీద అరిచాను.

“ఎక్కడుందండీ బోర్డు?” అన్నాడు.

చూపించబోయి చెయ్యి దించుకున్నాను. రోడ్డు మీది వారికి మీ రేకు వీపు, దాని మీద ట్యూషన్ల పోస్టరు తప్ప ఏమీ కనబడదు. వేసవి సెలవుల్లో ఎవరో రాత్రివేళ మిమ్మల్ని గుద్దిపోయారు. అప్పటి నుంచి మీ ముఖం కాలువ వైపే.

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక అయితే ఈ తిరుగుడుకు అర్థం ఉండేది. అప్పట్లో మన డెల్టా కాలువలు పొలాలకు నీళ్లూ ఇచ్చాయి, సరుకు పడవలకు దారీ ఇచ్చాయి. బడి వేళకు ధాన్యం పడవ ఏదైనా వస్తే మీరు నిలదీసేవారే. ఇప్పుడు మా కాలువలో కదిలే భారీ వాహనం గుర్రపుడెక్క ఒక్కటే. దాన్నీ ఆపలేకపోతున్నారు.

“నాన్నా, బోర్డు కాలువకు చెబుతోందా?” అని అడిగింది మా అమ్మాయి. రెండో తరగతి. ఏమని చెప్పను?

కోపం వస్తే చట్టాలు చదవడం నా బలహీనత. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 115. ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డు మీద ఫలానా వాహనాలు తిరగకూడదని ఆంక్ష పెట్టవచ్చు, పెడితే తగిన చోట గుర్తు నిలబెట్టాలి అని ఉంది. తగిన చోటే నిలబెట్టారు, కొబ్బరికాయ కొట్టి మరీ. ముఖం ఎటు ఉండాలో మాత్రం అందులో నాకు కనబడలేదు. గుర్తు కనబడనప్పుడు ఆ డ్రైవరు తప్పేముంది? నన్ను మండిస్తున్నది అదే.

(మీ పొరుగున ఉన్న స్పీడ్ బ్రేకరుకు వేరే ఉత్తరం రాస్తాను. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 1988 నాటి లెక్కలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. వీరు గడపలా ఉన్నారు. పదో తరగతి కొడుక్కి స్కూటరు కొనిచ్చిన పెద్దమనిషికి ఇంకొకటి: 2019 సవరణ ప్రకారం పిల్లవాడు బండి నడిపితే తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మిమ్మల్ని పెట్టించమన్న అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే.)

మీకు వైద్యం చేయిద్దామని సెలవు పెట్టి తిరిగాను. ఒక ఆఫీసులో, బోర్డు మాదేగానీ స్తంభం పాతిన గట్టు మాది కాదన్నారు. గట్టు ఎవరిదో వారు, బోర్డును మేము ముట్టుకోమన్నారు. లారీలను ఆపవలసిన వారు, బోర్డు తిన్నగా ఉంటే తప్పకుండా ఆపుతామన్నారు. నాలుగో చోట భోజనానికి వెళ్లారు. ఈ రోజు మా అమ్మాయికి ఆ భాగ్యం కూడా లేదు.

ఇక మర్యాదలు చాలు. రెండు బోల్టులయ్యా! రెండే రెండు బోల్టులు! వదులు చేసి, తిప్పి, బిగించడానికి ఐదు నిమిషాలు పట్టదు. అందుకు మూడు సంతకాలు కావాలట. జారిపడింది డబ్బా కాబట్టి ఈ ఉత్తరం వ్యంగ్యంగా రాయగలుగుతున్నాను. అర అడుగు అవతల ఆ పిల్ల కాలు ఉంది.

రేపు ఏడున్నరకు పానా, చిన్న నిచ్చెన తీసుకుని వస్తున్నాను. ప్రభుత్వ ఆస్తి మీద చెయ్యి వేశానని కేసు పెడితే పెట్టనివ్వండి. మీరు ఎవరి ఆస్తో ఆ కాగితం మీదైనా తేలుతుంది.

బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. కొబ్బరినూనె తెస్తాను. కాస్త ఓర్చుకోండి.