పేరు ఆటది, పెత్తనం పరీక్షది

చిన్నపిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చుకోవాలని అనని విద్యాశాఖ ఇప్పుడు వెతికినా దొరకదు. ఏ విధాన పత్రం తెరిచినా మొదటి పేజీల్లోనే ఆట ఉంటుంది, ఆ వెంటనే కథ ఉంటుంది, అట్ట మీద నవ్వుతున్న పిల్లల ఫొటో ఉంటుంది. ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2024లో ఏకంగా జూన్ 11ను అంతర్జాతీయ ఆట దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు సందేశాలకు, ఉపన్యాసాలకు కొదవ ఉండదు. తెల్లారేసరికి అవే శాఖల నుంచి అదే టీచర్‌కు ఇంకో కాగితం అందుతుంది. ఎంతమందికి అక్షరాలు వచ్చాయి? ఎంతమంది ఇరవై దాకా లెక్కపెడుతున్నారు? రానివాళ్లెవరు, ఎప్పటికి వస్తాయి? నాలుగేళ్ల పిల్లల గురించి అడుగుతున్న ప్రశ్నలివి. పరీక్షలు పెడుతున్నారన్నది ఒక్కటే మా కోపానికి కారణం కాదు. పరీక్షకు ఆట అని పేరు పెట్టి, ఆ పేరు చాటునే ఆటను తరగతి గదిలోంచి బయటికి గెంటేస్తున్నారు. అదీ అసలు బాధ.

ఆటబడిని బాహాటంగా నిషేధించిన ప్రభుత్వం చరిత్రలో ఒకటుంది. జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చిన్నపిల్లల కోసం ఒక సంస్థ పెట్టాడు. బంతులు, చెక్క దిమ్మెలు, పాటలు, తోటపని. అక్కడి చదువంతా అదే. కిండర్‌గార్టెన్ అన్న పేరు ఆయన పెట్టిందే. 1851లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వానికి ఆ దిమ్మెల్లో నాస్తికత్వం, సోషలిజం కనిపించాయి. ఫ్రోబెల్ అన్నకొడుకు రాతలను ఆయనవే అనుకుని పొరబడ్డారని కూడా చెబుతారు. మొత్తానికి బడులు మూయించారు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు, నిషేధం మాత్రం 1860 దాకా తొలగలేదు. మూర్ఖత్వమే, సందేహం లేదు. కానీ అందులో దాపరికం లేదు. ఆట వాళ్లకు నచ్చలేదు, వద్దన్నారు. ఇప్పటివాళ్లకు ఆ మాత్రం నిజాయితీ కూడా లేదు. బోర్డు మీద కిండర్‌గార్టెన్ అని ఉంచుతారు, గోడలకు రంగులు వేయిస్తారు, లోపల బల్లల మీద వర్క్‌షీట్లు పరుస్తారు.

నకిలీ ఆటను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కాగితం మీద కుందేలు బొమ్మ వేసి, దాని చెవుల్లో చుక్కలు కలిపితే ఒక అక్షరం వచ్చేలా గీస్తారు. దాన్ని ఆట అంటారు. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి కథ చెబుతారు. కథలో నక్క బావిలో పడగానే ఆపి, ‘బావి ఏ అక్షరంతో మొదలవుతుంది?’ అని అడుగుతారు. దాన్ని కథాబోధన అంటారు. నక్క ఏమైందో అన్న ఆత్రంతో ముందుకు వంగిన పిల్లలు నీరుగారి వెనక్కి ఒరుగుతారు. టైంటేబుల్‌లో ‘స్వేచ్ఛగా ఆట’ అని ఇరవై నిమిషాలు ఉంటుంది. అందులో ఎవరు ఏ దిమ్మె తీయాలో, ఎన్ని పేర్చాలో ముందే రాసి ఉంటుంది. పెద్దవాళ్లు జవాబు ముందే ఖాయం చేసుకున్న పని ఆట కాదు. ఏం జరగాలో, ఎప్పుడు ఆపాలో, ఎవరు రాజు, ఎవరు దొంగ అన్నది పిల్లల చేతిలో ఉంటేనే అది ఆట. వర్క్‌షీటు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, దాన్ని వర్క్‌షీటు అనే పిలవండి.

నిజమైన ఆట ఏం చేస్తుందో తెలియక ఇలా జరుగుతోందా అంటే, అదీ కాదు. సోవియట్ మనస్తత్వవేత్త మాన్యులెంకో 1948లో ప్రచురించిన ప్రయోగం బాల్యవిద్య చదివినవాళ్లకు పాతదే. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలను కదలకుండా నిలబడమన్నారు. ఊరికే నిలబడమంటే చిన్నవాళ్లు కాసేపటికే కదిలిపోయారు. నువ్వు కాపలావాడివి, వీళ్లంతా ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు అని ఆటలో పెడితే అదే పిల్లలు చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. ఆటలో పిల్లవాడు తన కన్నా తలెత్తు ఎదిగి ఉంటాడని అంతకు ముందే మరో సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ అన్నాడు. నిలకడ లేదు, ఏకాగ్రత లేదు, చెప్పిన మాట వినరు అని ఈ వయసు పిల్లల మీద వచ్చే ఫిర్యాదులన్నింటికీ మందు ఎక్కడుందో అప్పుడే తేలింది. మనం మాత్రం ఏకాగ్రత కోసం వాళ్లను బల్లలకు అతికించి కూర్చోబెడుతున్నాం.

కథ సంగతీ అంతే. 1988లో వైట్‌హర్స్ట్ బృందం అమెరికాలో ఒక చిన్న అధ్యయనం చేసింది. రెండు బృందాల తల్లిదండ్రులూ పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివి వినిపించారు. ఒక బృందం మామూలుగా చదివింది. రెండో బృందం మాత్రం మధ్యమధ్య ఆగి పిల్లల చేత చెప్పించింది, వాళ్లన్న మాటను అందుకుని పొడిగించింది, ఇదేమిటి అదేమిటి అని కాక ఎందుకు, ఎలా అని అడిగింది. నెల తిరిగేసరికి రెండో బృందం పిల్లలు మాట్లాడే భాషలో స్పష్టంగా ముందున్నారు. కథను మధ్యలో ఆపడం నేరం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆపి ఏం అడుగుతున్నారన్నదే లెక్క. ‘నక్క ఇప్పుడేం చేస్తుందంటావు?’ అన్న ప్రశ్న పిల్లను కథలోకి లాగుతుంది. అక్షరం అడిగే ప్రశ్న కథలోంచి ఈడ్చి బయట పడేస్తుంది.

షికాగో విశ్వవిద్యాలయ ల్యాబొరేటరీ స్కూల్స్‌లో చిన్నపిల్లలకు చదువు చెప్పిన వివియన్ పేలీ ఇంకో అడుగు వేసింది. పిల్లలే కథ చెప్పాలి, టీచర్ రాసుకోవాలి, తర్వాత తరగతంతా కలిసి దాన్ని నటించాలి. కథ రెండే వాక్యాలున్నా సరే. పద్ధతి అంతే, దీనికి కిట్టూ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. తన నోటి మాట కాగితం మీదికెక్కి, మళ్లీ చదివితే అదే మాటగా తిరిగి రావడం పిల్లవాడు కళ్లారా చూస్తాడు. రాత అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే పాఠం మాకైతే తెలియదు. తన కథలో సింహం ఎవరు కావాలో తేల్చుకోవడానికి తోటివాళ్లతో మాట్లాడాలి, ఒప్పించాలి, ఒక్కోసారి తగ్గాలి. ఇవేవీ తనిఖీ ఫారంలో ఏ గడిలోనూ పట్టవు. గడిలో పట్టనిది జరగలేదనే అర్థం. ఆ ఫారం చేతిలో ఉన్న టీచర్ పిల్లల కథలు రాసుకుంటూ కూర్చుంటుందా?

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. కిండర్‌గార్టెన్‌లోనే పిల్లలకు చదవడం వచ్చేయాలి అని 1998లో 31 శాతం టీచర్లు భావించేవారు. 2010 నాటికి వాళ్లు 80 శాతమయ్యారు. వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన లెక్క ఇది. అదే కాలంలో సంగీతం, బొమ్మలు వేయడం తగ్గాయి, పిల్లలు తామే ఎంచుకుని చేసే పనులకు సమయం తగ్గింది, నాటకాలాడుకునే మూలలు చాలా గదుల్లోంచి మాయమయ్యాయి. ఎవరైనా ఆటను నిషేధించారా? లేదు. టెనెసీ రాష్ట్రంలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. సీట్లు చాలక లాటరీ వేశారు కాబట్టి పోలిక పక్కాగా కుదిరింది. ప్రభుత్వ ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కు ముందటి) తరగతులకు వెళ్లినవాళ్లు ఆరో తరగతికి వచ్చేసరికి, వెళ్లనివాళ్ల కన్నా పరీక్షల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ ఫిర్యాదులూ వాళ్ల మీదే ఎక్కువ. 2022లో ఈ ఫలితం వచ్చినప్పుడు చాలామంది నోళ్లు మూతపడ్డాయి. కారణం ఫలానా అని ఆ అధ్యయనం తేల్చలేదు. అయితే అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి పాఠం చెప్పడం, ఒక పని నుంచి ఇంకో పనికి తరుముతూ సమయం తినేయడం, ఆటకు చోటు లేకపోవడం గురించి దాన్ని నడిపిన డేల్ ఫారన్ గట్టిగానే మాట్లాడింది. చిన్నప్పుడే ముందుకు తోస్తే పెద్దయ్యాక ముందుంటారన్న నమ్మకం మీదే కదా ఈ హడావుడంతా? ఆ నమ్మకానికి ఆధారమేదో ఇప్పుడు చూపించాల్సింది తోసేవాళ్లే.

ఇంగ్లండ్ మరీ విచిత్రం. అక్కడి చిన్నపిల్లల విద్యా చట్రం ఆట అత్యవసరం అని స్పష్టంగా చెబుతుంది. అదే దేశం 2021 సెప్టెంబర్ నుంచి నాలుగేళ్లు నిండి బడిలో చేరిన ప్రతి పిల్లకూ మొదటి ఆరు వారాల్లోనే ఒక అంచనా పరీక్షను తప్పనిసరి చేసింది. కొత్త గది, కొత్త టీచర్, అమ్మ కోసం ఏడుపు ఇంకా పూర్తిగా ఆగి ఉండదు. ఆ ఫలితం పిల్లకు పనికొచ్చేందుకు కూడా కాదు, ఏళ్ల తర్వాత ఆరో సంవత్సరం చివర్లో బడి ప్రగతిని కొలిచేందుకు. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక కూటమి ఓఈసీడీ 2018లో ఇంగ్లండ్, ఎస్టోనియా, అమెరికాల్లో అయిదేళ్ల పిల్లలను టాబ్లెట్ల మీద కొలిచింది. ఎలా కొలిచారని అడిగితే, కథలతో, ఆటలతో అన్నారు! కథ, ఆట అన్న మాటలకు ఇక మిగిలిన అర్థం ఏమిటి? భారత్‌లో 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం ఈ వయసుకు పరీక్షలు పూర్తిగా తగనివని రాసింది. బాగుంది. అది చదివి వర్క్‌షీట్ల కట్టలు పక్కన పెట్టిన బడుల పేర్లు ఏ అధికారైనా చెప్పగలరా?

ఇంట్లో పుస్తకాలు లేని పిల్లలకు బడిలోనైనా అక్షరాలు నేరుగా నేర్పాలి కదా, లేకపోతే వాళ్లే నష్టపోతారు కదా అని కొందరంటారు. నిజమే, అక్షరాలకూ శబ్దాలకూ ఉన్న సంబంధాన్ని క్రమంగా నేర్పడం అవసరమే. దానికోసం ఆటను చంపనక్కర్లేదు. టీచర్ పక్కనే ఉండి దారి చూపే ఆటపై 39 అధ్యయనాలను కలిపి చూసిన కేంబ్రిడ్జ్ పరిశోధకులు, తొలి గణితంలో అది నేరుగా బోధించిన దాని కన్నా మెరుగైన ఫలితమే ఇచ్చిందని 2022లో చెప్పారు. అసలు పేద పిల్లల పేరు చెప్పి ఈ వాదన చేసేవాళ్లను ఒకటి అడగాలి. ఇంట్లో పుస్తకం లేని పిల్లకు బడిలో కూడా కథ లేకుండా చేసి, చుక్కలు కలిపే కాగితం చేతికిస్తే అది న్యాయం ఎలా అవుతుంది? కలిగినవారి పిల్లలకు సాయంత్రం ఇంట్లో కథలు దొరుకుతాయి. లేనివారి పిల్లలకు పొద్దున కాగితాలు, సాయంత్రం కాగితాలు.

తల్లిదండ్రుల టెన్షన్ మాకు అర్థమవుతుంది. పక్కింటి పిల్ల పేరు రాస్తోంది, మన పిల్ల రాయట్లేదు అంటే గుండె గుబేలుమంటుంది. ఏడేళ్లకు గానీ ఒకటో తరగతి మొదలుకాని ఫిన్లాండ్‌లో పిల్లలు నిరక్షరాస్యులుగా మిగిలిపోలేదని వాళ్లకు ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన బడే ఆ భయాన్ని అమ్ముకుంటోంది. ‘ఆటల ద్వారా చదువు’ అని బ్రోచర్‌లో వేసి, అడ్మిషన్ రోజున ‘మా పిల్లలు ఏడాదికే వాక్యాలు రాస్తారు’ అని చెవిలో చెబుతోంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో డాక్టర్లు ఆటను మందుచీటీ మీద రాసివ్వాలని సూచించే దాకా వచ్చింది. పిల్లల చేత ఆడించమని చీటీ రాయాల్సిన రోజు వచ్చిందంటే, తప్పు ఎవరిదో వేరే చెప్పాలా?

ఈ నాటకాన్ని ఇలాగే సాగనిస్తే నష్టం ఈ ఏడాది పిల్లలతో ఆగదు. పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు లేచి, ‘ఆటల పద్ధతి పెట్టి చూశాం, ఫలితం రాలేదు, ఇక ఎత్తేద్దాం’ అంటారు. అప్పుడు అసలు పెట్టిందే లేదని రుజువు చేయడానికి మన దగ్గర ఏముంటుంది? విధాన పత్రంలో ఆట ఉంటుంది, తనిఖీ రిపోర్టులో ‘ఆట సమయం: ఉంది’ అన్న గడిలో టిక్కు ఉంటుంది. అచ్చులో ఉన్నది ఓడిపోయినట్టే లెక్క. నకిలీ నోటు చలామణీలో ఉంటే నష్టపోయేది అసలు నోటే. పిల్లల రాజ్యాంగంలా చెప్పుకునే 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను హక్కుగా రాసింది. హక్కును కాలరాసిన తీరుకు ‘విఫల ప్రయోగం’ అని పేరు పెట్టి చేతులు దులిపేసుకునే రోజు దూరంలో లేదు.

కాబట్టి శ్రీరంగ నీతులు చాలు. వచ్చే ఏడాది తనిఖీ ఫారాలు ఏదో ఒక టేబుల్ మీద ఇప్పటికే తయారవుతూ ఉంటాయి. అయిదేళ్ల లోపు పిల్లలకు అక్షరాల లెక్క అడిగే గడిని కొట్టేయండి. దాని స్థానంలో ఈ వారం పిల్లలు చెప్పిన కథలు ఎన్ని రాసుకున్నారు, ఆటలో టీచర్ మాట్లాడింది ఎక్కువా, పిల్లలు మాట్లాడింది ఎక్కువా అని అడగండి. గదికి పిల్లల సంఖ్య తగ్గించండి, ఒక్క టీచర్ ఉన్నచోట ఇద్దరిని ఇవ్వండి, దిమ్మెలు కొనివ్వండి. ఇవేవీ చేయలేమంటే అదే మాట బహిరంగంగా చెప్పండి, జనం విని ఏమనుకోవాలో అనుకుంటారు. అంతేగానీ పొద్దున వర్క్‌షీటు నింపించిన చేతుల చేతనే సాయంత్రం వేదిక మీద బెలూన్లు ఎగరేయించి, పక్కన నిలబడి ఫొటోలు దిగడం మానండి.